ఎవరూ తేని కేకు

మొన్న నా పుట్టినరోజు నాడు మా ఆఫీసు కుర్రాళ్ళు కేకు తెచ్చి, నా చేత కోయించి, నా నోటికి చిటికెడు అందించి, మిగిలినదంతా నా మొహానికి పులిమారు. ఈ కాలంలో అభిమానం చూపించే పద్ధతి ఇదేనట. మా కాకినాడలో గోడలకి సున్నం వేసే మేస్త్రీలు కూడా అంత దట్టంగా పట్టించగా నేను చూడలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, ఎడమ చెవిలోంచి గులాబిరంగు క్రీము తవ్వుకుంటూ, ఈ వయసులో నాకీ యోగం ఏమిటా అని నీరసపడుతుంటే, మా ఆవిడ తలుపు దగ్గరకొచ్చి తాపీగా చూసి, "పోన్లెండి, ఈ కేకు ఎవరో ఒకరు తెచ్చారు కదా," అంది. అంతే, తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. పదేళ్ళ కిందటి సోహార్, అక్కడి ఫ్యాక్టరీ పక్కన మా రేకుల ఆఫీసు, దాని చివర గదికి తక్కువా గూటికి ఎక్కువా అయిన ప్యాంట్రీ, అందులో ఒక ఖాళీ బల్ల, ఆ బల్ల చుట్టూ కుర్చీల్లో బిగుసుకుపోయి కూర్చున్న తెల్ల మొహాలు, అన్నీ ఆ అద్దంలోకి వచ్చి నిలబడ్డాయి.

నా ఈడు వాళ్ళు ఒప్పుకుంటారనుకుంటాను, చిన్నప్పుడు మనకి తెల్లవాళ్ళంటే అందరూ ఒక్కటే. మా ఊరి మిషను ఆసుపత్రి వరండాలో వరసగా తగిలించిన పాత ఫొటోల్లోని వాళ్ళు ఏ దేశం నుంచి వచ్చారో మేమెవ్వరం అడిగిన పాపాన పోలేదు; టోపీ ఉంటే దొర, గొడుగు ఉంటే దొరసాని, అక్కడితో భూగోళశాస్త్రం సమాప్తం. వాళ్ళలో వాళ్ళకి తేడాలుంటాయని, ఆ తేడాలు మా ఊళ్ళో ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండు చర్చిల వాళ్ళకి ఉన్నంత గట్టిగా ఉంటాయని నాకు తెలియడానికి నలభై దాటి, సముద్రం దాటి, ఒమాన్ దాకా పోవలసి వచ్చింది.

పోయింది కూడా నా ప్రతాపం వల్ల కాదు. మా ఆవిడకి సోహార్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, నేను ఆవిడ సామానులో ఒక వస్తువులాగ, ఆవకాయ జాడీకి కొంచెం తరవాతి స్థానంలో వెళ్ళాను. అక్కడి మన కోస్తా సంఘంలో నాకు సొంత పేరుండేది కాదు, ఫలానా సిస్టరుగారి హజ్బెండు అనే వ్యవహారం. కొన్ని నెలలు ఇంట్లో కూర్చుని గోడలు లెక్కపెట్టాక, ఫ్యాక్టరీ విస్తరణ పనులు చేసే ఒక కంపెనీలో అడ్మిన్ ఉద్యోగం దొరికింది. అడ్మిన్ అంటే ఏమిటని మా మావగారు ఫోనులో అడిగితే చెప్పలేకపోయాను. టాయిలెట్ కాగితం చుట్టల దగ్గర్నుంచి మనుషుల వీసాల దాకా ఏది అయిపోవచ్చినా ముందుగా తిట్లు తినేవాడు అడ్మిన్.

ఆ ఆఫీసు ఒకే పొడుగాటి హాలు. తలుపుకి ఈ పక్కన అమెరికా వాళ్ళు, ఆ పక్కన హాలండు, జర్మనీ, ఇటలీ వగైరా దేశాల వాళ్ళు, నడుమ సరిహద్దు రాయిలాగ జెరాక్సు మిషను. ఆ మిషను పక్కనే నా బల్ల. అంటే రెండు రాజ్యాల మధ్య కాపలా చౌకీలో కూర్చున్నవాడిని నేనే. అమెరికా వైపు పెద్దాయన మొత్తం సైటుకే మేనేజరు, ఆరడుగుల మనిషి, ఆయన నవ్వితే పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. యూరపు వైపు పెద్ద, డిజైన్ల పని చూసే హాలండు ఆవిడ, ఆయన కంటే ఒక అంగుళం ఎక్కువే ఉండేది, నవ్వు మాత్రం పండగలకి దాచుకునేది. మా ప్యాంట్రీలో కాఫీలు కలిపే అన్న ఒకాయన ఉండేవాడు, ఆయన భాషలో వీళ్ళిద్దరూ అమెరికాయన, దొరసాని. నేనూ అలాగే అంటాను.

అమెరికాయన వైపు ఏసీ పెంగ్విను పక్షులు వచ్చి గుడ్లు పెట్టేంత చలిగా ఉండాలి. దొరసాని వైపు వాళ్ళకి ఏసీ గాలి రోగం, కిటికీ గాలి ఆరోగ్యం. జూన్ నెల సోహార్‌లో కిటికీ తెరవడమంటే పొయ్యిలో తల పెట్టి ఎవరున్నారని అడగడమే, అయినా తెరిచేవారు, తెరిచి గుండెల నిండా పీల్చేవారు. నడుమ ఉన్న నాకు ముందువైపు ముక్కు కారేది, వెనకవైపు చొక్కా తడిసేది. పొద్దున్నే అమెరికాయన ఎదురుపడి ఎలా ఉన్నావని అడుగుతూనే వెళ్ళిపోయేవాడు, అది ప్రశ్న కాదని, దగ్గులాంటి ఒక శబ్దమని నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. దొరసానికి చివరిదాకా అర్థం కాలేదు. ఆవిడని అడిగితే నిలబడి, ఆలోచించి, ఎడమ మోకాలు ఎలా ఉందో, రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదో, ఇంటి యజమాని కుళాయి ఎందుకు బాగుచేయించడో వివరంగా చెప్పేది, కుళాయి దగ్గరికి వచ్చేసరికి అమెరికాయన కారెక్కి పోర్టు దాకా పోయేవాడు.

నేను రాసిన కాగితం ఏదైనా అమెరికాయనకి చూపిస్తే అద్భుతం అనేవాడు. ఆ సంతోషంలో నేను తేలుతూ ఇంటికి పోయి పడుకుంటే, మర్నాడు ఆ అద్భుతాన్ని మొదట్నుంచీ మళ్ళీ రాయమని కబురొచ్చేది. దొరసాని మాత్రం ఇది బాగాలేదు, రెండో పేజీ తప్పు అని మొహం మీదే చెప్పేది. ఆ మాటకి మొదట్లో నేను స్టోరు గదిలోకి పోయి కళ్ళు తుడుచుకున్న సందర్భాలున్నాయి. పోగాపోగా లెక్క తెలిసింది, ఆయన పొగడ్తలోంచి ముప్పాతిక తీసేయాలి, ఆవిడ విసుగుకి అంతే కలపాలి. ఒకసారి ఆవిడ నా పనిని చూసి పర్వాలేదు అందని ఇంటికి హల్వా పట్టుకుపోతే, పర్వాలేదన్నదానికి హల్వా ఏమిటని మా ఆవిడ నా నుదురు పట్టుకుని చూసింది, ఒళ్ళు కాలుతోందేమోనని.

ఇద్దరూ నా దగ్గరకొచ్చి రెండోవాళ్ళ గురించి చెప్పుకునేవారు, స్టేషనరీ తాళాలు నా దగ్గరుండడం వల్ల నన్ను తటస్థ దేశం అనుకునేవారు. వీళ్ళు ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటారు, ఆగస్టు నెలంతా దేశాలకి దేశాలే మూసేసి పోతారు, పని ఎవడు చేస్తాడు అని ఆయన బాధ. వాళ్ళు గుర్రాల్లాగ నిలబడే తింటారు, సెలవులో సముద్రం దగ్గర కూడా ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుంటారు, అలా చేస్తే పని అయిపోతుందా, మనిషి అయిపోతాడు కానీ అని ఆవిడ బాధ. నేను ఇద్దరికీ తలూపేవాణ్ణి. మన తలూపుడులో ఉన్న సుగుణం అదే, ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకుపోతారు. ఆ సుగుణమే తరవాత నా కొంప ముంచింది.

అన్నిటికంటే పెద్ద తగువు పొద్దున్న పది గంటల కాఫీది. పది అయ్యేసరికి దొరసాని, ఆవిడ జనం యావన్మందీ కలాలు కింద పడేసి, ప్యాంట్రీలోకి పోయి, బల్ల చుట్టూ కూర్చుని, కప్పూ సాసరుతో కాఫీ తాగాలి. అది వాళ్ళకి ప్రార్థన లాంటిది. ఫ్యాక్టరీ అంటుకున్నా ముందు కప్పు కింద పెట్టి, సాసరు మీద చెంచా సర్ది, ఆ తరవాత పరిగెత్తేవారు. అమెరికా వాళ్ళు ఎవరికి వాళ్ళు చెంబుల్లాంటి కప్పులతో వచ్చి, నింపుకుని, బల్లల దగ్గరికి పోయి, సాయంత్రం దాకా దాన్నే తాగుతూ ఉండేవారు.

ఈ కాఫీల వెనక మనిషి మా ప్యాంట్రీ అన్న. జగిత్యాల వైపు ఊరు, నా కంటే పదేళ్ళు పెద్ద. గల్ఫుకి మొదట కట్టడం పనికి వచ్చి, ఏళ్ళ తరబడి సిమెంటు మోసి, నడుం పట్టేశాక ఎవరి పుణ్యానో ప్యాంట్రీలో చేరాడు. వంగలేడు. కింద పడిన చెంచా తీయాలంటే ముందు గోడ పట్టుకుని, తరవాత దేవుణ్ణి తలచుకునేవాడు. కానీ నిలబడి చేసే పనిలో ఆయన్ని కొట్టేవాడు లేడు. ఎవరికి పాలు, ఎవరికి వద్దు, ఎవరు కోపంలో ఉన్నప్పుడు చక్కెర ఎక్కువ వేసుకుంటారు అన్నీ ఆయనకి నోటికి వచ్చు. అల్ సువైక్ నుంచి వచ్చే ఖర్జూరాలు ఒక పళ్ళెంలో పెట్టి, పైన జాలీ మూత వేసి, ఆ పళ్ళేన్ని రోజూ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చేవాడు.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క శత్రువు అమెరికాయన మంచితనం. ఒక మనిషి ఇంకో మనిషికి కప్పు అందించడం, ఆ ఎంగిలి కప్పు కడగడం అమెరికాయనకి చూడలేని దృశ్యం. అన్న ట్రేతో వస్తే లేచి ఎదురెళ్ళి ట్రే లాక్కునేవాడు. తన కప్పు తనే కడుక్కునేవాడు, తన వాళ్ళందరి చేతా కడిగించేవాడు. ఒకరోజు అన్నని భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తనే కాఫీ కలిపి చేతికిచ్చాడు. పన్ను పీకించుకోవడానికి కూర్చున్నవాడిలాగ కూర్చుని అన్న ఆ కాఫీ తాగాడు. ఆయన వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు.

"నా పని నన్ను జేసుకోనిస్తలేడు సారూ. గిట్ల కడుక్కుంటనే పోతే, రేపు నేనెందుకని అడుగరా?"

"మర్యాద చేస్తున్నాడన్నా, ఆయన మనసు మంచిది."

"మంచిదే. దొరసానైతే ఏం నచ్చకున్నా 'చల్లగైంది, మల్ల తే' అంటది. గది మర్యాద. పని ఉన్నదని ఎర్కైతది."

ఆయన భయం వట్టిది కాదని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు. చమురు ధర పడిపోయింది. అది ఎందుకు పడుతుందో మాకెవ్వరికీ తెలియదు, పడితే ఎవరి మీద పడుతుందో మాత్రం అందరికీ తెలుసు. బౌషర్‌లో ఉన్న మా పెద్దాఫీసు వాళ్ళు ఖర్చులు తగ్గించమని కబురు పంపారు, ప్యాంట్రీకి మనిషి కావాలా, కాఫీ మిషను చాలా, ఇద్దరు పెద్దలూ మాట్లాడుకుని వచ్చే వారం ఆఖరికి చెప్పమన్నారు. అమెరికాయన అప్పటికే మిషను వైపు. మనిషిని ట్రేకి కట్టేయడం అన్యాయం, ఆయనకి ఇంతకంటే మంచి అవకాశాలు రావాలి అని నాతో కళ్ళు చెమర్చి చెప్పాడు. వంగలేని నడుంతో, ఆ వయసులో, ఆ మంచి అవకాశం ఏ ఒంటె మీద ఎక్కి వస్తుందో నాకు బోధపడలేదు. వీసా రద్దయితే ఇంక మళ్ళీ ఆయన్ని ఏ కంపెనీ రానివ్వదు.

అన్నకి డ్యూటీ పోతుందన్న దిగులు కంటే ఇంటి దగ్గర బీడీల దిగులు ఎక్కువ. ఆయన భార్య పెళ్ళైన నాటి నుంచీ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి, ఆ పొగాకు దుమ్ముకి దగ్గు పట్టుకుంది. తను ప్యాంట్రీలో కుదురుకున్నాక అన్న పంతం పట్టి ఆ చాట మానిపించాడు. దగ్గు తగ్గింది. ఫోనులో ఆవిడ దగ్గకుండా ఎంతసేపు మాట్లాడిందో నాకు రోజూ గొప్పగా చెప్పేవాడు. తను ఇంటికి పోతే ఆ చాట మళ్ళీ అటక మీంచి దిగుతుంది. ఆయన అడిగిందంతా ఇంకొంతకాలం అది అక్కడే ఉండాలని.

అందుకని నేనొక పన్నాగం పన్నాను. అమెరికా వాళ్ళు కూడా పదింటికి వచ్చి కూర్చోవడం మొదలుపెడితే, అంతమందికి కాఫీ అందించడానికి మనిషి లేకపోతే గడవదు. వాళ్ళని ఒక్కసారి కూర్చోబెడితే చాలు, అన్న కాఫీ మిగతాది చూసుకుంటుంది. సరిగ్గా ఆ వచ్చే ఆదివారమే అమెరికాయన పుట్టినరోజు. మన దగ్గర ఆదివారం చర్చికి పోయే రోజు, అక్కడ వారానికి మొదటి పనిరోజు. దొరసానికి విషయం చెప్పాను. ఆవిడ పండగ నవ్వు ఒకటి తీసి నవ్వింది, వస్తాం, అందరం వస్తాం, కేకు ఉంటుంది కదా అంది. ఎందుకుండదు అన్నాను. మన బళ్ళో పుట్టినరోజు పిల్లాడు కొత్త చొక్కా తొడుక్కుని చాక్లెట్లు పంచుతాడు, చర్చిలో అయితే కృతజ్ఞతార్పణ కూడా వాడే వేస్తాడు; పుట్టినవాడు పెట్టడం, మిగతావాళ్ళు తినడం సృష్టి ధర్మం కాదా. దొరసాని దేశంలోనూ అంతేనట. అమెరికాయన దగ్గరికి పోయి, ఆదివారం పదింటికి ప్యాంట్రీలోకి రండి, అందరూ ఎదురుచూస్తారు అన్నాను. ఆయన కన్ను గీటి, నేను తెలుసుకోవలసింది ఏమైనా ఉందా అన్నాడు. నేను తలూపాను.

ఆదివారం నాటికి అన్న ప్యాంట్రీని పెళ్ళివారి విడిదిలా చేశాడు. కప్పులు ఎంత తోమాడంటే వాటి మీది పూలు సగం రాలిపోయాయి. బల్ల మీద తెల్లగుడ్డ, నడుమ కేకు కోసం ఖాళీ, ఆ ఖాళీ పక్కన రిబ్బను కట్టిన కత్తి. పదింటికి దొరసాని జనంతో వచ్చింది, కుర్చీలన్నీ గుండ్రంగా వేయించింది. అమెరికా వాళ్ళూ వచ్చారు, మొదటిసారిగా కూర్చున్నారు కూడా, కూర్చునే సరికి వాళ్ళ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకి తెలియలేదు. నా పన్నాగం పారుతోందని లోపల ఈల వేసుకున్నాను.

అప్పుడు దొరసాని లేచి, తన దేశాచారం ప్రకారం, పుట్టినవాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చి కంగ్రాచ్యులేషన్స్ అంది. అంతటితో ఆగలేదు. వాళ్ళ ఆచారంలో పుట్టినవాడి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ కూడా, ఇతను మీకు దక్కినందుకు అభినందనలు అని చెప్పాలట. అమెరికాయన సహాయకుడికి చెప్పింది, మిగతా అమెరికా వాళ్ళకి చెప్పింది, మేమేం చేశామని వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నాకు చెప్పింది. తలుపు దగ్గర ఖర్జూరాల పళ్ళెంతో నిలబడిన అన్న దగ్గరికి పోయి, ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఆయనకీ గట్టిగా చెప్పింది. అన్నకి వచ్చిన ఇంగ్లీషు చక్కెర, పాలు, ఓకే సార్ దాకానే, కానీ ఆ మాట తెలుసు. కంపెనీలో ఎవరికైనా వీసా పొడిగిస్తే చెప్పే మాట అదే. అన్న నా వైపు చూశాడు. ఆ కళ్ళలో జగిత్యాల నుంచి సోహార్ దాకా దీపాలు వెలిగాయి.

ఆ తరవాత అందరూ బల్ల నడుమ ఖాళీ వైపు చూశారు. అమెరికాయన, వెనక తలుపులోంచి ఏదో రాబోతున్నదని, ఆశ్చర్యపడడానికి నోరు తెరిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంది. సోహార్ పోర్టులో ఓడ వచ్చి, సరుకు దించి, వెళ్ళిపోయేంత సేపు ఉంది. ఆఖరికి దొరసాని తన ధోరణిలో, కేకు ఎక్కడ అంది. మీరే చెప్పాలి అని ఆయన నవ్వాడు. పుట్టినరోజు మీది అంది ఆవిడ. అదే నేనూ అంటున్నాను అన్నాడు ఆయన.

ఎవడికి వాడు తన కేకు తనే తెచ్చుకుని, ఎదటివాళ్ళకి పెట్టి, అభినందించమని అడుక్కోవడం ఏం మర్యాద అని అమెరికాయన నవ్వుతూనే అన్నాడు. తన పుట్టినరోజుకి ఊరంతా కదిలి రావాలని నోరు తెరుచుకుని కూర్చోవడం ఏం మర్యాద అని దొరసాని నవ్వకుండా అంది. అక్కణ్ణుంచి కేకు పక్కకి పోయింది. ఏసీ వచ్చింది, కిటికీ వచ్చింది. ఆగస్టు సెలవులు వచ్చాయి. సెలవు రోజున ఆయన పంపిన మెయిళ్ళు వచ్చాయి, ఎలా ఉన్నావని అడిగి జవాబు వినకుండా పోవడం వచ్చింది, బాగాలేదని పదిమందిలో చెప్పడం వచ్చింది. ఎవ్వరూ గొంతు పెంచలేదు, అదే భయంకరం. మనలాగ గట్టిగా ఒకసారి అరుచుకుని ఉంటే భోజనాల వేళకి సర్దుకునేది. గుండ్రంగా వేసిన కుర్చీలు ఎప్పుడు రెండు వరసలయ్యాయో తెలియలేదు. ప్యాంట్రీలో మనిషి ఉండాలా వద్దా అన్నది వాళ్ళెవరి మనసులోనూ ఆ క్షణాన లేదు. మనిషి అక్కడే, జాలీ మూత తీసిన పళ్ళెంతో, కాఫీ చల్లారిపోతోందని నిలబడి ఉన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక అన్న, వాడని కత్తికి కట్టిన రిబ్బను విప్పుతూ, చిన్న గొంతుతో అడిగాడు.

"నా ముచ్చటే కదా సారూ?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"దొరసాని ముందుగాలనే నాకు చెయ్యిచ్చి చెప్పింది గద. గాయన మిషను అన్నడు, ఆమె మనిషి అన్నది. నా దిక్కు నిలవడ్డది. గాయన గూడ చెడ్డోడేం కాదు, నాకు ఇంకా మంచి పని జూపియ్యాల్నని ఆయన కొట్లాట. ఇద్దరూ నా కోసమే." రిబ్బను చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లు సిమెంటు మోసిన. నా కోసం నోరిప్పినోడు ఒక్కడు లేడు సారూ. ఇయ్యాల గింత పెద్దోళ్ళు గంతసేపు కొట్లాడిన్రు."

ఊరికే ఉన్న ఈగని ఏనుగు చేసి చెప్పడం నా పుట్టుబుద్ధి, అది అందరికీ తెలిసిందే. ఆ రోజు మాత్రం ఆ పని అన్నే చేసి పెట్టాడు. "అవునన్నా," అన్నాను.

ఆ సంవత్సరమంతట్లో ఆ ఇద్దరు పెద్దలూ మారుమాట లేకుండా ఒప్పుకున్న సంగతి ఒక్కటే, అది ప్యాంట్రీకి మనిషి అక్కర్లేదన్నది. అమెరికాయన కారణం నాకు ముందే తెలుసు. దొరసాని తన కారణం తనే వచ్చి చెప్పింది. ఆ ఆదివారం తరవాత ఆవిడ జనం కూడా ప్యాంట్రీలో కూర్చోవడం మానేసి, కప్పులు పట్టుకుని కిటికీల దగ్గరికి పోతున్నారు, కూర్చునేవాళ్ళు లేనప్పుడు అందించేవాడు ఎందుకు, లేని పనిని ఉందని నేను రాయలేను అంది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ ఒక్కరోజు చెప్పి ఉంటే ఏం పోయేదని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. వెళ్ళేరోజు అమెరికాయన అన్నని గట్టిగా కావలించుకుని నిజంగానే ఏడ్చాడు. దొరసాని చెయ్యి కలిపి, ఇది న్యాయం కాదు, కానీ ఇలా జరిగింది అని చెప్పమంది. నేను తెలుగు చేసి చెప్పాను, "నువ్వు వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదన్నా" అని. అన్న తలూపి, ఎర్కే అన్నాడు. మస్కట్ విమానాశ్రయం దాకా కంపెనీ బండిలో పోతూ దారంతా డ్రైవరుకి ఆ కొట్లాట చెప్పుకుంటూ పోయాడట.

మిషను వచ్చింది. దాని ముందు అమెరికా వాళ్ళది ఒక వరస, యూరపు వాళ్ళది ఒక వరస, ఎవరి కప్పు వాళ్ళు కడుక్కోవడం. ఖర్జూరాల పళ్ళెం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, మూత మీద దుమ్ము పేరుకుంది. ఏడాది తిరక్కుండానే పనులే ఆగిపోయి, ఆయన ఒక దేశానికి, ఆవిడ ఒక దేశానికి పోయారు. మరికొన్నాళ్ళకి నేనూ మా ఆవిడ సామానులో కలిసి వెనక్కి వచ్చేశాను. ఈసారి ఆవకాయ జాడీ లేదు కాబట్టి నాదే పైస్థానం.

మొన్న క్రీము కడుక్కుని వచ్చేసరికి అన్న దగ్గర్నుంచి వీడియో ఫోను. నా పుట్టినరోజుకి ఏటా చేస్తాడు. ఆ ప్యాంట్రీలో నా పుట్టినరోజున నేనే కాజాలు పంచినందుకు ఆయనకి ఆ తేదీ గుర్తుండిపోయింది. చుట్టూ మనవలు, ఆ కొట్లాట కథ మొదలైంది. నేను పెంచి చెబుతానని పేరు కానీ, ఈయన ముందు నేనెంత. ఇప్పుడు దొరసాని బల్ల మీద గుద్దుతోంది, కప్పులు ఎగిరి పడుతున్నాయి, అమెరికాయన టోపీ తీసి నేలకి కొడుతున్నాడు. అసలు ఆయనకి టోపీయే లేదు. "అడుగుండ్రి, సారును అడుగుండ్రి, ఆడనే ఉన్నడు," అని ఫోను మనవల వైపు తిప్పాడు. ఆ తిప్పడంలో గోడ వారగా వాళ్ళ నాయనమ్మ కనిపించింది. ఒళ్ళో చాట ఉంది, పక్కన తునికాకు కట్ట ఉంది. అన్నకి అది తట్టి, ఫోను చటుక్కున పైకెత్తి, తిరుగుతున్న ఫ్యాను చూపిస్తూ, అక్కడ ఎండలెట్లున్నయి సారూ అన్నాడు.

మా ఆఫీసులోనూ ఇప్పుడు మిషనే ఉంది. మీట నొక్కితే కాఫీ వస్తుంది, పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుని పట్టుకుపోతారు. కూర్చుని తాగాలా నిలబడి తాగాలా అని తగువు పెట్టుకునేంత పట్టింపు ఎవరికీ లేదు. అది ఎవరి కోసం పెట్టుకున్న తగువైనా కానీ, తనకోసమే అనుకుని నమ్మి, రిబ్బను జేబులో దాచుకునే మనిషి మాత్రం ఆ మిషను దగ్గర నిలబడడు. నా ఈడు వాళ్ళకి ఇలాంటివి చెప్పుకోవాలనిపిస్తుంది, చెప్పాక ఒళ్ళు ఇంకాస్త అలిసినట్టు ఉంటుంది. ఎండలు బాగానే ఉన్నాయన్నా అన్నాను. అవునర్రా, నేను చూశాను, మీ తాత కోసం ఇద్దరూ గట్టిగా కొట్టుకున్నారు అని పిల్లలకి చెప్పాను. ఫోనులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కింద ఎక్కడో ఆకు కోస్తున్న కత్తెర చప్పుడు, దాని మీద ఒక దగ్గు, మళ్ళీ కత్తెర చప్పుడు.